తొలి హాఫ్ మారథాన్‌కు మూడు నెలలు ఎందుకు చాలవు?

సంక్షిప్తంగా: కొత్తగా పరుగు మొదలుపెట్టినవారిలో గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం కొన్ని వారాల్లోనే మెరుగుపడుతుంది. ఎముకలు, కండరాలను ఎముకలకు కలిపే టెండన్లు బలపడడానికి మాత్రం నెలలు పడుతుంది. శిక్షణ ఎన్ని వారాలు సాగాలన్నది ఈ రెండోదాన్ని బట్టే తేలాలి. ఐదు కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తగలిగే స్థాయి నుంచి మొదలుపెట్టినా 21 కిలోమీటర్లకు సిద్ధం కావడానికి సుమారు 18 వారాలు కావాలి. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌ను లక్ష్యంగా పెట్టుకున్నవారికి ఈ లెక్క ప్రకారం శిక్షణ ఏప్రిల్ నెలాఖరులో, అంటే ఎండలు ముదిరే వేళకు మొదలవుతుంది.

ఒకే దూరం, పొంతన లేని ప్రణాళికలు

హాఫ్ మారథాన్ దూరం 21.0975 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తించిన 42.195 కిలోమీటర్లను 1921లో మారథాన్‌కు ప్రామాణిక దూరంగా ఖరారు చేశారు. అందులో సగం కావడం వల్లనే ఈ అంకె ఇలా ఎగుడుదిగుడుగా ఉంటుంది. దూరం విషయంలో ఎవరికీ అనుమానం లేదు. దానికి సిద్ధం కావడానికి ఎంత కాలం పడుతుందన్న దగ్గరే గందరగోళం మొదలవుతుంది. ఎనిమిది వారాలు చాలని చెప్పే ప్రణాళికలు, పన్నెండు వారాలవి, ఇరవై వారాలవి కూడా ఇంటర్నెట్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి. అన్నిటిపైనా ‘బిగినర్స్ కోసం’ అనే రాసి ఉంటుంది.

ఈ తేడాకు మూలం ప్రణాళిక మొదటి వరుసలోనే దొరుకుతుంది. ఎనిమిది వారాల ప్రణాళిక మొదటి ఆదివారమే ఎనిమిది లేదా తొమ్మిది కిలోమీటర్ల పరుగు చెబుతుందంటే, అది అప్పటికే కొన్ని నెలలుగా పరుగెడుతున్నవారి కోసం రాసినదన్నమాట. వారు హాఫ్ మారథాన్‌కు కొత్త కావచ్చు గానీ పరుగుకు కొత్త కారు. సాయంత్రాలు కాసేపు నడవడం తప్ప ఇతర వ్యాయామం లేని నలభై ఏళ్ల ఉద్యోగి అదే ప్రణాళికను పట్టుకున్నప్పుడు చిక్కు వస్తుంది. ఆ చిక్కు మొదటి రెండు మూడు వారాల్లో బయటపడదు. అన్నీ సవ్యంగా సాగుతున్నట్లు అనిపించే ఐదో వారంలోనో ఆరో వారంలోనో బయటపడుతుంది. దీనికి శరీరధర్మంలో స్పష్టమైన కారణం ఉంది.

ఊపిరి అందుకున్నంత వేగంగా ఎముక అందుకోదు

క్రమం తప్పకుండా పరుగెత్తడం మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లోనే రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా పెరుగుతుంది. దానితో గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తం పెరిగి, అదే వేగానికి నాడి కొంత తగ్గుతుంది. తరువాతి వారాల్లో కండరాల చుట్టూ కేశనాళికలు పెరుగుతాయి, కండర కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా సంఖ్య, పరిమాణం పెరుగుతాయి. 1967లో అమెరికా శాస్త్రవేత్త జాన్ హొలోజీ ట్రెడ్‌మిల్‌పై పరుగెత్తించిన ఎలుకల కండరాలను పరీక్షించి, ఆక్సిజన్‌ను వినియోగించే ఎంజైముల సామర్థ్యం దాదాపు రెట్టింపు అయినట్లు చూపించారు. వ్యాయామ శరీరధర్మ శాస్త్రంలో తరువాత వచ్చిన పరిశోధనలో చాలా భాగం ఆ పునాదిపైనే సాగింది. కొత్త రన్నర్‌కు ఈ మార్పులన్నీ ఒకే అనుభవంగా తెలుస్తాయి. మొదటి వారం రెండు కిలోమీటర్లకే ఆయాసపడిన మనిషి ఆరో వారానికి ఆరు కిలోమీటర్లు మాట్లాడుతూ పరుగెత్తగలుగుతాడు.

ఎముక తీరు వేరు. మోసే భారాన్ని బట్టి ఎముక తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే ప్రతిపాదించారు. అయితే ఆ మార్పు నేరుగా బలం వైపు సాగదు. ఒత్తిడికి గురైన చోట ముందుగా పాత ఎముక కణజాలం కరుగుతుంది. దీనికి కొన్ని వారాలు పడుతుంది. ఆ ఖాళీలో కొత్త ఎముక ఏర్పడి గట్టిపడడానికి ఇంకో మూడు నెలల వరకు పడుతుంది. అంటే శిక్షణ మొదలైన తొలి వారాల్లో, ఎక్కువ భారం పడిన చోట ఎముక తాత్కాలికంగా మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. ఆయాసం తగ్గి దూరం పెంచాలన్న ఉత్సాహం వచ్చేది సరిగ్గా ఆ వారాల్లోనే. టెండన్ల పరిస్థితి కూడా ఇంతే. రక్తప్రసరణ తక్కువగా ఉండే ఆ కణజాలం కండరమంత త్వరగా బలపడదు. పిక్క కండరం సిద్ధమైనా, దాన్ని మడమకు కలిపే అకిలిస్ టెండన్ ఇంకా సిద్ధమై ఉండదు.

పరుగులో ఒక్కో అడుగుకు నేల నుంచి తిరిగి వచ్చే బలం శరీర బరువుకు రెండు నుంచి మూడు రెట్లు ఉంటుంది. నిమిషానికి 165 అడుగుల చొప్పున రెండు గంటల నలభై ఐదు నిమిషాలు పరుగెత్తితే మొత్తం 27 వేల అడుగులు దాటుతాయి. కాబట్టి 21 కిలోమీటర్లను ఊపిరికి పరీక్షగా మాత్రమే చూడడం పొరపాటు. కొత్తవారిని మధ్యలో ఆపేసేది చాలా సందర్భాల్లో ఆయాసం కాదు, ముంగాలి నొప్పో మోకాలి నొప్పో మడమ నొప్పో అవుతుంది.

ముంగాలి నొప్పుల మధ్య తేడా తెలుసుకోవడం ఇక్కడ అవసరం. మోకాలి కింద లోపలి వైపు ఎముక అంచు వెంట బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్తే నాలుగైదు అంగుళాల మేర నొప్పి పరుచుకుని ఉండి, పరుగు మొదట్లో ఎక్కువగా ఉండి శరీరం వేడెక్కాక తగ్గుతూ ఉంటే, అది సాధారణంగా షిన్ స్ప్లింట్స్ అని పిలిచే వాపు. దూరం తగ్గించి కొన్ని రోజులు విశ్రాంతి తీసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. నొప్పి ఒకే బిందువు దగ్గర గుచ్చినట్లు ఉండి, పరుగెత్తేకొద్దీ పెరుగుతూ, రాత్రి పడుకున్నప్పుడు కూడా వేధిస్తూ, ఆ కాలిపై గెంతలేని స్థితి ఉంటే ఎముకలో సన్నని చీలిక వచ్చిందేమోనని అనుమానించాలి. అప్పుడు పరుగు పూర్తిగా ఆపి ఎముకల వైద్యుడిని కలవవలసిందే. మొదటి రోజుల్లో తీసిన ఎక్స్‌రేలో ఈ చీలిక తరచుగా కనిపించదు. ఎక్స్‌రే బాగుందని మళ్లీ పరుగు మొదలుపెట్టి చీలికను పెద్దది చేసుకున్నవారు ఎందరో ఉంటారు.

పది శాతం సూత్రం ఎంత నిజం?

వారం మొత్తం మీద పరుగెత్తే దూరాన్ని అంతకు ముందు వారం కంటే పది శాతానికి మించి పెంచరాదన్న సూత్రం రన్నర్లలో దాదాపు శాసనంగా చలామణి అవుతోంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 532 మంది కొత్త రన్నర్లపై జరిగిన ప్రయోగ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. నాలుగు మైళ్ల పరుగుకు సిద్ధమవుతున్న వారిలో ఒక బృందానికి పది శాతం సూత్రాన్ని పాటించే 13 వారాల శిక్షణ, మరో బృందానికి మామూలు 8 వారాల శిక్షణ ఇచ్చారు. మొదటి బృందంలో 20.8 శాతం మంది, రెండో బృందంలో 20.3 శాతం మంది గాయపడ్డారు. అంటే సూత్రం పాటించినా పాటించకపోయినా అయిదుగురిలో ఒకరు గాయపడ్డారు. దీన్ని బట్టి సూత్రం పనికిరాదన్న వాదన చాలాకాలం సాగింది.

2025లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం ప్రశ్ననే మార్చింది. 5,200 మందికి పైగా రన్నర్ల వాచీల్లో నమోదైన పరుగులను పరిశోధకులు ఒక్కొక్కటిగా పరిశీలించారు. వారం మొత్తం దూరం గత వారంతో పోలిస్తే ఎంత పెరిగిందన్న దానికి, గాయాలకు మధ్య ఆశించిన సంబంధం కనిపించలేదు. ఒకే రోజు పరుగెత్తిన దూరం గత 30 రోజుల్లోని అతి పొడవైన పరుగును ఎంత మించిందన్న దానితో మాత్రం స్పష్టమైన సంబంధం కనిపించింది. ఆ దూరాన్ని 10 నుంచి 30 శాతం వరకు మించినప్పుడు గాయం ముప్పు 64 శాతం ఎక్కువగా, రెట్టింపుకు మించినప్పుడు 128 శాతం ఎక్కువగా నమోదైంది. ఇది పరిశీలనాత్మక అధ్యయనం కాబట్టి కార్యకారణ సంబంధాన్ని పూర్తిగా రుజువు చేసిందని చెప్పలేము. అయినా ఎముక, టెండన్ల స్వభావం గురించి పైన చెప్పుకున్నదానితో ఇది చక్కగా పొసగుతుంది. కణజాలానికి వారం లెక్కలు తెలియవు. ఒక్క పూటలో తనపై పడిన భారమే దానికి తెలుస్తుంది.

ఈ ఫలితాన్ని ఆదివారాల లాంగ్ రన్‌కు, అంటే వారంలో అతి పొడవైన పరుగుకు అన్వయిస్తే శిక్షణ ఎన్ని వారాలు సాగాలో తేలిగ్గా లెక్క వేయవచ్చు. ఐదు కిలోమీటర్లతో మొదలుపెట్టి ప్రతిసారీ పది శాతం పెంచుకుంటూ పోతే 16 కిలోమీటర్లకు చేరడానికి పన్నెండు పెంపులు కావాలి. మూడు వారాలు పెంచి నాలుగో వారం దూరం తగ్గించే పద్ధతిలో అవి దాదాపు పదహారు వారాలు తీసుకుంటాయి. పోటీకి ముందు రెండు వారాలు శిక్షణ తగ్గించాలి కాబట్టి మొత్తం పద్దెనిమిది. పన్నెండు వారాల్లో ఇదే పని ముగించాలంటే ఆదివారం పరుగును ప్రతిసారీ ఇరవై శాతం దాకా పెంచుతూ పోవాలి, లేదా తగ్గింపు వారాలను ఎత్తివేయాలి. అసలు పరుగెత్తే అలవాటే లేనివారు ఐదు కిలోమీటర్ల స్థాయికి చేరడానికి సాధారణంగా చెప్పే తొమ్మిది వారాల నడక-పరుగు శిక్షణను దీనికి ముందు కలుపుకోవాలి. అప్పుడు లెక్క ఆరు నెలలు దాటుతుంది.

ఇక్కడ ఒక చిక్కు మిగులుతుంది. శిక్షణలో 16 కిలోమీటర్ల దగ్గర ఆగినవారు పోటీ రోజున ఒక్కసారిగా 21 కిలోమీటర్లు పరుగెడతారు. అంటే ముప్పై శాతానికి పైగా పెంపు. ఇన్ని వారాలు కాపాడుకున్న సూత్రాన్ని పోటీ రోజే మీరుతున్నారన్న విమర్శ సరైనదే. విశ్రాంతి పొందిన కాళ్లతో పరుగెత్తడం, ఆ తరువాత కొన్ని వారాలు పెద్ద పరుగులు ఉండకపోవడం వల్ల ఈ ఒక్క ఉల్లంఘనను చాలామంది శిక్షకులు అంగీకరిస్తారు. సమయం ఉన్నవారు శిక్షణలోనే 18 కిలోమీటర్ల వరకు వెళ్లడం మేలు.

నెమ్మది వేగం వెనుక లెక్క

కొత్తవారికి చెప్పే సలహాల్లో అతి తక్కువమంది పాటించేది నెమ్మదిగా పరుగెత్తమన్న సలహా. దీర్ఘదూర క్రీడాకారుల శిక్షణను పరిశీలించిన శాస్త్రవేత్త స్టీఫెన్ సీలర్, అగ్రశ్రేణి వారు కూడా తమ శిక్షణలో సుమారు 80 శాతాన్ని తేలికైన తీవ్రతతోనే చేస్తారని చూపించారు. కేశనాళికలు, మైటోకాండ్రియా పెరగడానికి తేలికపాటి పరుగు చాలు. వేగం పెంచితే ఆ లాభం కొద్దిగా పెరుగుతుంది, ఎముకలపై భారం మాత్రం బాగా పెరుగుతుంది. పక్కవారితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగితే వేగం సరైనదని గుర్తు. రెండు మూడు మాటలకే ఊపిరి తెగుతుంటే ఎక్కువైందని గుర్తు. వాచీ చూపే నాడి రేటు కంటే కొత్తవారికి ఈ పరీక్షే నమ్మదగినది. గరిష్ఠ నాడి రేటుకు వాడే ‘220 మైనస్ వయసు’ సూత్రం సగటు మాత్రమే. ఒక్కో వ్యక్తి విషయంలో అది పది పన్నెండు అంకెల వరకు అటూ ఇటూ కావచ్చు.

మధ్యలో నడవడాన్ని ఓటమిగా భావించే ధోరణి కూడా ఇలాంటిదే. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల పరుగులో పోటీపడిన అమెరికన్ జెఫ్ గాలోవే, పరుగు మధ్యలో ప్రణాళిక ప్రకారం నడిచే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. దాని వల్ల పోయే సమయం చాలామంది ఊహించేదానికంటే తక్కువ. కిలోమీటరుకు 8 నిమిషాల చొప్పున ఎక్కడా ఆగకుండా పరుగెత్తితే హాఫ్ మారథాన్ 2 గంటల 49 నిమిషాల్లో ముగుస్తుంది. అదే వేగంతో నాలుగు నిమిషాలు పరుగెత్తి, ఒక నిమిషం కిలోమీటరుకు 11 నిమిషాల వేగంతో నడుస్తూ పోతే సగటు 8 నిమిషాల 28 సెకన్లవుతుంది. అప్పుడు పరుగు 2 గంటల 59 నిమిషాల్లో ముగుస్తుంది. తేడా పది నిమిషాలే. పైగా మొదటి పద్ధతిలో చివరి ఐదు కిలోమీటర్లకు అదే వేగం నిలబెట్టుకోగల కొత్తవారు అరుదు. నడక విరామాల్లో కాళ్లపై పడే దెబ్బ తగ్గుతుంది, శరీరం వేడెక్కే తీరు కూడా నెమ్మదిస్తుంది. వేడి సంగతి తెలుగు నేలపై పరుగెత్తేవారికి చిన్నది కాదు.

మే ఎండలో శిక్షణ, ఆగస్టు ఉక్కలో పోటీ

హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టు నెలాఖరు ఆదివారం జరుగుతుంది. ఇటీవలి సంవత్సరాల్లో హాఫ్ మారథాన్ నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తోంది. పద్దెనిమిది వారాలు వెనక్కి లెక్కిస్తే శిక్షణ ఏప్రిల్ నెలాఖరున మొదలుకావాలి. ఐదు కిలోమీటర్లు కూడా పరుగెత్తలేనివారు ఫిబ్రవరిలోనే మొదలుపెట్టాలి. మే నెలలో హైదరాబాద్ పగటి ఉష్ణోగ్రత సగటున 39 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, తెల్లవారుజామున కూడా సగటున 26 డిగ్రీలు ఉంటుంది. ఆగస్టు తెల్లవారుజామున 22, 23 డిగ్రీలు ఉంటుంది, కానీ గాలిలో తేమ 80 శాతం దాటుతుంది. శిక్షణ కాలంలో ఉండే వేడి ఒక రకం, పోటీ రోజున ఎదురయ్యేది మరో రకం.

తేడా ఎక్కడుందో తెలియాలంటే శరీరం చల్లబడే తీరును చూడాలి. పరుగులో ఖర్చయ్యే శక్తిలో పావు వంతు కూడా కదలికగా మారదు. మిగిలినదంతా వేడి. ఒక కిలో బరువుకు ఒక కిలోమీటరుకు సుమారు ఒక కిలోకేలరీ చొప్పున, 65 కిలోల మనిషి గంటకు 8 కిలోమీటర్ల వేగంతో పరుగెడితే 520 కిలోకేలరీలు ఖర్చవుతాయి. అందులో 400 దాకా వేడి రూపంలో బయటికి పోవాలి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. కాబట్టి గంటకు ముప్పావు లీటరు లోపు చెమట ఆవిరైతే సరిపోవాలి. అయితే ఒంటిమీద నుంచి కారి నేలపై పడిన చెమట శరీరాన్ని చల్లబరచదు. ఆవిరైనదే చల్లబరుస్తుంది. మే నెల పొడిగాలిలో చెమట పట్టినట్లే తెలియకుండా ఆవిరవుతుంది, బనియను పెద్దగా తడవకపోయినా ఒంట్లో నీరు తగ్గిపోతూ ఉంటుంది. ఆగస్టు ఉదయాన బనియను పిండితే నీళ్లు కారతాయి, షూలో సాక్సు చప్పుడు చేస్తుంది, శరీరం మాత్రం ఆశించినంత చల్లబడదు.

వేడిని తగ్గించుకోవడానికి గుండె రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది. కండరాలకు అందే రక్తం తగ్గకుండా చూడాలంటే ఎక్కువసార్లు కొట్టుకోవాలి. అందుకే అదే వేగంతో పరుగెడుతున్నా పదో కిలోమీటరు దగ్గర నాడి మొదటి కిలోమీటరు కంటే పది పదిహేను అంకెలు ఎక్కువగా కనిపిస్తుంది. మే నెల శిక్షణలో వేగం పడిపోయిందని నిరాశపడడం, ఆ వేగాన్ని పట్టుదలతో నిలబెట్టుకోవాలని చూడడం రెండూ తప్పే. ఆ నెలల్లో వేగాన్ని పక్కన పెట్టి శ్రమను కొలతగా తీసుకోవడం, వెలుతురు రాకముందే మొదలుపెట్టి ఏడు గంటల లోపు ముగించడం సరైన మార్గం. వేడిలో పది నుంచి పద్నాలుగు రోజులు పరుగెత్తితే శరీరం చాలావరకు అలవాటు పడుతుంది. చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, ప్లాస్మా పెరుగుతుంది. మే ఎండ ఇచ్చే లాభం ఇదే. ఎండదెబ్బ ముప్పు మాత్రం అలవాటైనవారికీ ఉంటుంది. పరుగు మధ్యలో తల తిరగడం, మాట తడబడడం, అయోమయం కనిపిస్తే వెంటనే ఆపి ఒంటిని చల్లటి నీళ్లతో తడపాలి, వైద్య సహాయం పిలవాలి.

రెండో ప్రత్యేకత ఫ్లైఓవర్లు. హైదరాబాద్ పోటీని దేశంలోని కఠినమైన నగర మారథాన్లలో ఒకటిగా రన్నర్లు చెప్పుకోవడానికి దారి పొడవునా వచ్చే ఎత్తుపల్లాలే కారణం. చాలామంది ఎక్కడం గురించే భయపడతారు, కానీ కండరాలను ఎక్కువగా దెబ్బతీసేది దిగడం. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బిగుసుకోవాలి. ఈ రకం పనికి అలవాటు లేని కండర తంతువుల్లో సూక్ష్మమైన చిరుగులు ఏర్పడి, ఒకటి నుంచి మూడు రోజుల్లో నొప్పి పతాక స్థాయికి చేరుతుంది. అదృష్టవశాత్తు ఈ అలవాటు త్వరగా వస్తుంది. ఒకసారి దిగుడు పరుగు చేసి కోలుకున్న కండరం రెండోసారి అంతగా నొప్పిపుట్టదు. చదునైన నెక్లెస్ రోడ్డులోనో స్టేడియం ట్రాక్‌పైనో మాత్రమే శిక్షణ పొందినవారికి ఈ రక్షణ ఉండదు. పదిహేను రోజులకొకసారైనా బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వంటి ఎగుడుదిగుడు రోడ్లపై పరుగెత్తాలి. ఎక్కేటప్పుడు అడుగు కురచ చేసి శ్రమను సమంగా ఉంచుకోవాలి, దిగేటప్పుడు అంగలు చాచకుండా తేలికగా దిగాలి.

ఏడాది చివర్లో జరిగే విశాఖ నేవీ మారథాన్‌ను దీనితో పోల్చి చూడవచ్చు. ఆర్కే బీచ్ రోడ్డులో ఉదయం సముద్రపు గాలి ఉంటుంది, తేమ కూడా ఉంటుంది, కానీ శీతాకాలం కాబట్టి ఉష్ణోగ్రత తక్కువ. శిక్షణ వర్షాకాలంలో మొదలై చల్లబడే నెలల్లోకి సాగుతుంది. పెద్ద పరుగులు చేయవలసిన చివరి వారాలు వాతావరణం అనుకూలించే కాలంలో వస్తాయి. తొలి హాఫ్ మారథాన్‌కు ఏ పోటీ ఎంచుకోవాలన్న ప్రశ్నకు ఊరి దూరం కంటే ఈ క్యాలెండరే మంచి జవాబు. హైదరాబాద్‌లో ఉండేవారు కూడా మొదటిసారి ఆగస్టుకు బదులు శీతాకాలపు పోటీ ఎంచుకోవడంలో తెలివి ఉంది.

నీళ్లు, ఉప్పు, తిండి

వేడి గురించి ఇంత విన్నాక దొరికిన చోటల్లా నీళ్లు తాగాలనిపించడం సహజం. అది కూడా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తాన్ని పరీక్షించగా 13 శాతం మందిలో సోడియం ఉండవలసినదానికంటే తక్కువగా ఉంది. 2005లో ప్రచురితమైన ఆ అధ్యయనం ప్రకారం పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవారిలో, నాలుగు గంటలకు మించి పరుగెత్తినవారిలో ఈ ముప్పు ఎక్కువ. మంచినీళ్లు అతిగా తాగడంతో రక్తంలోని ఉప్పు పలచబడడం దీనికి కారణం. నెమ్మదిగా పరుగెత్తేవారు ఎక్కువసేపు దారిలో ఉంటారు, నీళ్ల కౌంటర్ల దగ్గర ఆగే తీరిక కూడా వారికే ఉంటుంది. దాహాన్ని బట్టి తాగడం, లాంగ్ రన్‌కు ముందు తరువాత బరువు చూసుకుని తన చెమట లెక్క తెలుసుకోవడం, గంట దాటిన పరుగుల్లో ఉప్పు కలిసిన ద్రవం తీసుకోవడం సరిపోతుంది. పరుగు తరువాత ఉప్పు వేసిన పలచటి మజ్జిగ ఈ పనికి బాగా పనికొస్తుంది. పరుగుకు ముందు మాత్రం కొందరికి కడుపులో ఇబ్బంది పెడుతుంది.

తిండి విషయంలో భయం అవసరానికి మించి ఉంది. కండరాలు, కాలేయం కలిపి గ్లైకోజెన్ రూపంలో నిల్వ చేసుకునే పిండిపదార్థం సుమారు 500 గ్రాములు, అంటే 2,000 కిలోకేలరీలు. 65 కిలోల మనిషికి హాఫ్ మారథాన్‌కు పట్టేది 1,400 కిలోకేలరీల లోపే, అందులోనూ కొంత కొవ్వు నుంచి వస్తుంది. ఫుల్ మారథాన్ రన్నర్లకు ముప్పై కిలోమీటర్ల దగ్గర ఎదురయ్యే నిస్సత్తువ ఇక్కడ రావలసిన అవసరం లేదు. అయినా రెండున్నర గంటలు దాటే పరుగు కాబట్టి గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందితే చివరి భాగం తేలికవుతుంది. రెండు మూడు ఖర్జూరాలు, ఒక అరటిపండు, ఒక ఎనర్జీ జెల్ ఏదైనా సరే, శిక్షణలో అలవాటైనదే పోటీలోనూ తీసుకోవాలి.

ముందుగా పరీక్షలు ఎవరికి?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్నప్పుడు శిక్షణ ఎంత క్రమంగా సాగినా ఆయాసం తగ్గదు. ఆ ఆయాసాన్ని అలవాటు లేకపోవడంగానో, పట్టుదల లేకపోవడంగానో భావించి ఇంకా గట్టిగా పరుగెత్తడం జరుగుతుంటుంది. కొత్తగా మొదలుపెట్టే మహిళలు ముందుగా చేయించుకోవలసినది ఖరీదైన ఫిట్‌నెస్ పరీక్షలు కావు, మామూలు రక్తపరీక్ష.

గుండె గురించిన భయం మరో రకం. 2000 నుంచి 2010 వరకు అమెరికాలో మారథాన్, హాఫ్ మారథాన్లలో పాల్గొన్న 1.09 కోట్ల మందిని లెక్కలోకి తీసుకుని 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన అధ్యయనంలో 59 మందికి గుండె ఆగిపోయినట్లు తేలింది. హాఫ్ మారథాన్‌లో ఇది లక్షకు 0.27 మాత్రమే, ఫుల్ మారథాన్‌లో 1.01. గుండె ఆగినవారిలో అత్యధికులు పురుషులు. ముప్పు చాలా తక్కువన్నది స్పష్టం. కానీ ఆ అంకెలు అమెరికావి. దక్షిణాసియా వారిలో తొలి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయసు 53 ఏళ్లని, ఇతర ప్రాంతాలవారిలో అది దాదాపు 59 అని 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం చూపింది. నలభై దాటినవారు, మధుమేహం, రక్తపోటు, పొగతాగే అలవాటు, కుటుంబంలో చిన్న వయసులో గుండెపోటు చరిత్ర ఉన్నవారు ముందుగా వైద్యుడిని కలిసి అవసరమైన పరీక్షలు చేయించుకోవాలి. పరుగెత్తేటప్పుడు ఛాతీలో బరువుగా అనిపించడం, దవడకు లేదా ఎడమ చేతికి నొప్పి పాకడం, స్పృహ తప్పడం కనిపిస్తే అక్కడితో ఆపాలి. ఛాతీలో మంటను గ్యాస్ అని సర్దిచెప్పుకునే అలవాటు మనవారిలో బలంగా ఉంది. పరుగు మొదలుపెట్టగానే వచ్చి, ఆపగానే తగ్గే మంట గ్యాస్ కాకపోయే అవకాశమే ఎక్కువ.

చివరి రెండు వారాలు, ఆ తరువాత

పోటీ దగ్గరపడేకొద్దీ, తప్పిపోయిన పరుగులను పూడ్చుకోవాలన్న ఆత్రం పెరుగుతుంది. శిక్షణ ఫలితం శరీరంలో కనిపించడానికి కనీసం పది రోజులు పడుతుంది కాబట్టి చివరి పది రోజుల్లో చేసే పెద్ద పరుగు అలసటను తప్ప దేన్నీ పెంచదు. శిక్షణ తగ్గింపుపై వచ్చిన అధ్యయనాలను క్రోడీకరించి 2007లో వెలువడిన విశ్లేషణ, రెండు వారాల పాటు దూరాన్ని 41 నుంచి 60 శాతం వరకు తగ్గించి, వేగాన్ని, రోజుల సంఖ్యను యథాతథంగా ఉంచినప్పుడు ఎక్కువ మేలు జరుగుతుందని తేల్చింది. అంటే పూర్తిగా పడుకోవడం కాదు, అవే రోజుల్లో సగం దూరం పరుగెత్తడం. కొత్త షూ కొనడానికి కూడా ఈ రెండు వారాలు తగిన సమయం కాదు. అవి కనీసం నెల రోజుల ముందే కాలికి అలవాటు కావాలి.

పోటీ ముగిశాక కండరాల నొప్పి మూడు నాలుగు రోజుల్లో తగ్గుతుంది. ఎముక, టెండన్ల మరమ్మతు అంతకు చాలా కాలం తరువాత కూడా సాగుతూ ఉంటుంది. మొదటి వారం నడక, రెండో వారం చిన్న తేలికపాటి పరుగులు, ఆ తరువాతే మామూలు శిక్షణ అన్న క్రమం ఇందుకే. అయితే ఆరు నెలల్లో కట్టుకున్న సామర్థ్యం ఆ విరామంలో పోదు. ఆగస్టులో హైదరాబాద్ ముగించినవారు డిసెంబర్ నాటి పోటీకి మళ్లీ ఐదు కిలోమీటర్ల దగ్గర మొదలుపెట్టనక్కర్లేదు. పది, పదకొండు కిలోమీటర్ల లాంగ్ రన్‌తో మొదలుపెట్టవచ్చు. ఇంటర్నెట్‌లో కనిపించే పన్నెండు వారాల ప్రణాళిక నిజానికి సరిపోయేది ఆ దశలో ఉన్నవారికే.